నడిపించే చేతికి నిమిషాల లెక్క

ఏ వీధిలో చూసినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటోంది. మనవల్ని చూసుకోవడానికని వెళ్ళి, గ్రీన్‌కార్డు వచ్చి, అక్కడే ఉండిపోయిన అమ్మలూ, అత్తయ్యలూ, పిన్నులూ మనకి కొత్త కాదు. వాళ్ళ దగ్గర్నుంచి ఫోను వస్తే ముందు మనవల కబుర్లు, తర్వాత చలి సంగతి, ఆ తర్వాత మోకాళ్ళు. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ళయితే ఇంకో మాట కూడా వినిపిస్తుంది. ఫిజియోథెరపీకి వెళ్తున్నామనీ, ఈ ఏడాది లిమిట్ అయిపోవచ్చిందనీ, ఇక ఆపేస్తారేమోననీ.

ఏమిటీ లిమిట్? ఎవరు పెట్టారు? నిజంగా ఆపేస్తారా?

తెలుసుకోవలసిన విషయమే. ఎందుకంటే ఆపరేషన్ ఎంత బాగా జరిగినా, ఆ తర్వాత కాలు వంచి, సాచి, మెట్లు ఎక్కించి, దింపించే మనిషి లేకపోతే కొత్త కీలు బిగుసుకుపోతుంది. ఆ మనిషికి డబ్బిచ్చేది అమెరికాలో చాలామంది పెద్దవాళ్ళ విషయంలో అక్కడి ప్రభుత్వ బీమా, మెడికేర్. ఆ బీమా ఎంత ఇస్తుంది, దేనికిస్తుంది అన్న నిబంధనలు పాతికేళ్ళకు పైగా మారుతూనే వస్తున్నాయి. మారిన ప్రతిసారీ దెబ్బ ముందు తగిలేది క్లినిక్కుకి, ఆ తర్వాత మోకాలికి.

పార్ట్ బి పద్దు

మెడికేర్ చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జూలై 30న సంతకం చేశారు. అరవై అయిదేళ్ళు నిండినవాళ్ళకీ, కొన్ని రకాల వైకల్యం, జబ్బులు ఉన్న చిన్న వయసువాళ్ళకీ ఇది వర్తిస్తుంది. ఇందులో పార్ట్ ఎ ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకి. పార్ట్ బి డాక్టరు దగ్గరికీ, క్లినిక్కుకీ వెళ్ళి వచ్చే వైద్యానికి. ఫిజియోథెరపీ క్లినిక్కుకి వెళ్ళి చేయించుకునేది ఈ పార్ట్ బి కిందికే వస్తుంది.

మనవాళ్ళకి ఇది ఎలా దొరుకుతుందన్నది చాలామందికి తెలియదు. తాము గానీ, భర్తో భార్యో గానీ అమెరికాలో పదేళ్ళపాటు ఉద్యోగం చేసి పన్ను కట్టి ఉంటే పార్ట్ ఎ కి నెలసరి ప్రీమియం ఉండదు. పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు అలా పనిచేసి ఉండరు కదా! వాళ్ళు గ్రీన్‌కార్డుతో అయిదేళ్ళు వరసగా అక్కడ నివసించి ఉంటే ప్రీమియం కట్టి చేరవచ్చు. 2026లో పార్ట్ బి మామూలు ప్రీమియం నెలకి 202 డాలర్ల 90 సెంట్లు. పార్ట్ ఎ కూడా కొనుక్కోవాలంటే నెలకి 565 డాలర్ల దాకా అవుతుంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లు వెళ్ళొచ్చేవాళ్ళకి మెడికేర్ లేదు. వాళ్ళు ప్రయాణపు బీమా చూసుకోవలసిందే.

ఆడవాళ్ళు నిలబెట్టిన వృత్తి

డబ్బు లెక్కల్లోకి వెళ్ళేముందు ఒక చిన్న చరిత్ర. అమెరికాలో ఫిజియోథెరపీ వృత్తిగా నిలబడింది మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో. కాళ్ళూ చేతులూ దెబ్బతిని తిరిగొచ్చిన సైనికులకి వ్యాయామం, మర్దన చేసి మళ్ళీ నిలబెట్టడానికి సైన్యం ఆడవాళ్ళని తీసుకుంది. వాళ్ళని 'రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్' అన్నారు. పని సైన్యంలోనే అయినా వాళ్ళకి సైనిక హోదా మాత్రం ఇవ్వలేదు. వారిలో పేరు పొందిన మేరీ మెక్‌మిలన్ అధ్యక్షురాలిగా 1921లో ఆ వృత్తి వాళ్ళ మొదటి సంఘం ఏర్పడింది. దాని పేరులోనే 'ఉమెన్స్' అన్న మాట ఉండేది. నేటికీ ఆ వృత్తిలో సగానికి పైగా ఆడవాళ్ళే. మెడికేర్ తీసుకునేవాళ్ళలోనూ సగానికి పైగా ఆడవాళ్ళే. మోకాళ్ళ అరుగుదల మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువన్నది మనకి తెలిసిందే. అంటే వైద్యం చేసే చెయ్యీ, చేయించుకునే కాలూ ఎక్కువగా ఆడవాళ్ళవే అన్నమాట.

ఇందులో మన అమ్మాయిలూ ఉన్నారు. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఫిజియోథెరపీలో డిగ్రీ చేసి, అక్కడికి వెళ్ళి, చదువుని మదింపు చేయించుకుని, జాతీయ స్థాయి లైసెన్సు పరీక్ష రాసి పాసై పనిచేస్తున్నవాళ్ళు. మనుషులు చాలడం లేదని అమెరికా కార్మిక శాఖ ముందే ఒప్పుకుని జాబితాలో పెట్టిన వృత్తులు రెండు. ఒకటి నర్సులు, రెండోది ఫిజియోథెరపిస్టులు. మనుషులు కావాలని ఒక శాఖ పిలుస్తుంటే, వాళ్ళ పనికి ఇచ్చే సొమ్ము దగ్గర ఇంకో శాఖ పొదుపు చేస్తోంది.

1,500 డాలర్ల గీత

ఇప్పుడు లిమిట్ సంగతి. 1997లో అమెరికా కాంగ్రెసు బడ్జెట్ లోటు పూడ్చడానికి ఒక చట్టం చేసింది. అందులో భాగంగా, క్లినిక్కుకి వెళ్ళి చేయించుకునే థెరపీకి ఒక మనిషికి ఏడాదికి 1,500 డాలర్లని గీత గీశారు. 1999 జనవరి నుంచి అమలు. అంతకుముందు ఇలాంటి పరిమితి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న థెరపిస్టులకి మాత్రమే, 900 డాలర్లు ఉండేది. ఎవరికి ఎంత వైద్యం అవసరమో చూసి పెట్టిన గీత కాదిది. ఖజానా చూసి పెట్టిన గీత.

అందులో ఇంకో మెలిక. నడక నేర్పే ఫిజియోథెరపీనీ, మాట నేర్పే స్పీచ్ థెరపీనీ కలిపి ఒకే 1,500లో పెట్టారు. చేతిపనులూ, స్నానం, బట్టలు కట్టుకోవడం లాంటివి నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి విడిగా 1,500. పక్షవాతం వచ్చిన మనిషిని తలుచుకోండి. కాలూ పడిపోతుంది, మాటా పడిపోతుంది. రెండూ ఒకే సంచిలోంచి తీయాలి. నడక ముందు నేర్చుకోవాలా, మాట ముందు నేర్చుకోవాలా? అటువంటి ప్రశ్న ఏ ఇంట్లోనూ ఎవరికీ రాకూడదు. కాని వచ్చింది.

గోల లేచింది. 2000 నుంచి ఆ గీతని తాత్కాలికంగా ఆపారు. 2003 సెప్టెంబరులో మళ్ళీ పెట్టారు, డిసెంబరులో మళ్ళీ ఆపారు. 2006లో 1,740 డాలర్లతో తిరిగొచ్చింది. అయితే ఈసారి 'నిజంగా అవసరమైతే మినహాయింపు' అని ఒక తలుపు తెరిచారు. ఆ తలుపుకీ గడువుండేది. గడువు తీరబోయే ప్రతిసారీ కాంగ్రెసు మళ్ళీ పొడిగించాలి. అది పొడిగిస్తుందో లేదోనని క్లినిక్కులూ, ముసలివాళ్ళూ ఎదురుచూడడం, చివరి నిమిషంలో పొడిగించడం. ఇలాగే ఏళ్ళు గడిచాయి.

గీత పోయింది, గుర్తు మిగిలింది

చివరికి 2018 ఫిబ్రవరి 9న వచ్చిన చట్టం ఆ పరిమితిని ఎత్తేసింది. ఇది ముఖ్యమైన మాట, గుర్తుంచుకోవాలి. ఇప్పుడు మెడికేర్‌లో ఫిజియోథెరపీకి 'ఇంతకు మించి ఇవ్వం' అన్న గీత లేదు.

మరి లిమిట్ అని ఎందుకంటున్నారు? ఎందుకంటే పాత గీత ఉన్నచోట ఒక గుర్తు మిగిలింది. ఏడాదిలో ఒక మొత్తం దాటితే, థెరపిస్టు బిల్లు మీద 'కేఎక్స్' అని ఒక గుర్తు వేసి పంపాలి. ఈ వైద్యం ఇంకా అవసరమే, కారణాలు నా రికార్డులో రాసి ఉన్నాయి అని చెప్పడమే దాని అర్థం. ఆ మొత్తం 2018లో 2,010 డాలర్లు. ఏటా కొంచెం పెరుగుతూ 2025లో 2,410, 2026లో 2,480 అయింది. గుర్తు వేస్తే బిల్లు పరిశీలనకి తీసుకుంటారు, వేయకపోతే తిరగ్గొడతారు. ఖర్చు 3,000 డాలర్లు దాటితే కొందరి ఫైళ్ళు ఎంచి తనిఖీ చేయవచ్చు. అందరివీ కాదు. ఈ 3,000 అంకె 2028 దాకా మారదు. నడకా మాటా ఒకే సంచిలో ఉండడం మాత్రం ఇప్పటికీ మారలేదు.

లెక్క వేసి చూద్దాం. న్యూజెర్సీలోనో, టెక్సాస్‌లోనో ఉన్న ఒక పిన్నిగారు మోకాలి ఆపరేషన్ తర్వాత వారానికి రెండుసార్లు క్లినిక్కుకి వెళ్తున్నారనుకోండి. లెక్క సులువుగా ఉండడానికి ఒక్కసారికి మెడికేర్ ఒప్పుకునే ధర 90 డాలర్లనుకుందాం. పన్నెండు వారాలకి 24 సార్లు, 2,160 డాలర్లు. ఇంకా గుర్తు దగ్గరికి రాలేదు. 28వ సారికి 2,520 అవుతుంది. అక్కడ గుర్తు పడాలి. అంతే తప్ప అక్కడ వైద్యం ఆగక్కర్లేదు.

పిన్నిగారి చేతినుంచి పోయేదెంత? 2026లో పార్ట్ బి కింద ఏడాదికి మొదటి 283 డాలర్లు మనమే పెట్టుకోవాలి. ఆ తర్వాత నూటికి ఎనభై మెడికేర్, ఇరవై మనం. అంటే ఆ 2,160లో, ఆ ఏడాది ఇంకే వైద్యమూ చేయించుకోలేదనుకుంటే, ఆవిడ వాటా సుమారు 658 డాలర్లు. ఈ ఇరవై శాతాన్ని భరించే అదనపు బీమా కొందరికి ఉంటుంది.

ఎనిమిది నిమిషాల లెక్క

ఇక క్లినిక్కు వైపు చూద్దాం. మెడికేర్ చాలా రకాల థెరపీకి పదిహేను నిమిషాల చొప్పున కొలుస్తుంది. మన కిరాణా కొట్టులో పావుకిలో లెక్క లాగా, అక్కడ పావుగంట లెక్క. కనీసం ఎనిమిది నిమిషాలు చేస్తే ఒక పావుగంట కింద రాస్తారు. ఎనిమిది నుంచి ఇరవై రెండు నిమిషాల దాకా ఒకటి, ఇరవై మూడు నుంచి ముప్ఫై ఏడు దాకా రెండు, ముప్ఫై ఎనిమిది నుంచి యాభై రెండు దాకా మూడు. ఏడు నిమిషాలే చేస్తే ఏమీ రాదు. అందుకే అక్కడి థెరపిస్టు ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో కంటితో గడియారం చూస్తూ ఉంటుంది. చేసినదంతా మళ్ళీ కంప్యూటర్‌లో రాసుకోవాలి. ఎన్ని నిమిషాలు, ఏ వ్యాయామం, కాలు ఎన్ని డిగ్రీలు వంగింది, ఎందుకు అవసరం. ఆ రాతకి విడిగా డబ్బు లేదు.

వ్యాయామం చేయించే ఒక పావుగంటకి ఈమధ్య మెడికేర్ ఇస్తున్నది దేశం మొత్తం మీద సగటున 30 డాలర్లకి కాస్త తక్కువ. అదీ మొదటి పావుగంటకే పూర్తిగా. ఒకే రోజు ఒకే మనిషికి చేసిన రెండో పావుగంట నుంచి కోత పడుతుంది. ఒక్కో సేవ ధరలో మూడు భాగాలుంటాయి. మనిషి శ్రమకి కొంత, అద్దె, కరెంటు, సామాను, సిబ్బంది వగైరా ఖర్చులకి కొంత, వృత్తి బీమాకి కొంత. మనిషి ఒక్కసారే కదా వచ్చింది, బల్ల ఒక్కసారే కదా తుడిచారు, మరి ఖర్చులు ప్రతి పావుగంటకీ పూర్తిగా ఎందుకివ్వాలి అన్నది ప్రభుత్వం వాదన. వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అలా 2011లో ఆ ఖర్చుల భాగంలో కోత మొదలైంది. 2013 ఏప్రిల్ నుంచి రెండో పావుగంట మొదలుకొని ఆ భాగం సగానికి సగం తగ్గింది. సరిగ్గా అదే నెలలో మెడికేర్ చెల్లింపులన్నిటి మీదా మరో రెండు శాతం కోత వచ్చి పడింది. కరోనా రోజుల్లో కొన్నాళ్ళు ఆపినా, అది మళ్ళీ అమల్లోకి వచ్చింది.

ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ

మరి ఆ పావుగంట ధర ఎవరు నిర్ణయిస్తారు? 1992 నుంచి ఒక పద్ధతి ఉంది. ఒక్కో సేవకి ఇన్ని పాయింట్లని కడతారు. పాయింటు ధర ఇంత అని ఏటా ప్రకటిస్తారు. రెండూ గుణిస్తే చెల్లింపు. డాక్టర్లకీ, ఫిజియోథెరపిస్టులకీ, ఇంకా చాలామందికీ ఇదే పట్టిక, ఒకే కుండ. ఒకరికి గరిటెడు ఎక్కువ వడ్డిస్తే ఇంకొకరి కంచంలో తగ్గించాలి, మొత్తం ఖర్చు పెరగకూడదన్నది చట్టం.

2021లో జరిగింది అదే. డాక్టర్లు రోగిని కూర్చోబెట్టి మాట్లాడి చూసే పనికి విలువ పెంచారు. మంచిదే. కాని ఆ పెంచినదానికి సరిపడా మిగతావాళ్ళకి తగ్గించాలి కదా! ఫిజియోథెరపీకి తొమ్మిది శాతం దెబ్బ పడుతుందని ప్రభుత్వం లెక్కే చెప్పింది. కరోనా వచ్చి క్లినిక్కులు ఖాళీగా ఉన్న ఏడాది చివర్లో ఈ కబురు. 2020 డిసెంబరులో కాంగ్రెసు కొంత సొమ్ము సర్ది దెబ్బ తగ్గించింది. ఆ తర్వాత ఏళ్ళలోనూ ఏ ఏడాదికాయేడు కొంత సర్దుబాటు, ఏటా కొంత తగ్గింపు. 2020లో పాయింటు ధర 36 డాలర్ల 9 సెంట్లు. 2025 నాటికి 32 డాలర్ల 35 సెంట్లు. అయిదేళ్ళలో పది శాతానికి పైగా తగ్గింది. అదే కాలంలో అమెరికాలో అద్దెలూ, జీతాలూ, గుడ్ల ధరా ఎంత పెరిగాయో అక్కడి మన పిల్లల్నడిగితే చెబుతారు. ఆస్పత్రులకిచ్చే చెల్లింపులు ధరల పెరుగుదలని బట్టి ఏటా సవరిస్తారు. ఈ పట్టికకి అటువంటి ఏర్పాటు లేదు.

2026లో చాలామందికి పాయింటు ధర 33 డాలర్ల 40 సెంట్లకి పెరిగింది. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన పెంపు. కాని అందులో పెద్ద భాగం, రెండున్నర శాతం, 2025 జూలైలో వచ్చిన చట్టం ఆ ఒక్క ఏడాదికే ఇచ్చింది.

ఇంకో మార్పు సహాయకుల గురించి. థెరపిస్టు పథకం వేస్తే, దాని ప్రకారం వ్యాయామం చేయించే లైసెన్సున్న సహాయకులుంటారు. వాళ్ళ చేత చేయించిన పనికి 2022 జనవరి నుంచి మామూలు ధరలో 85 శాతమే లెక్కగడుతున్నారు. కాలు వంచే పని అదే, పావుగంట అదే. చిన్న ఊళ్ళలో, థెరపిస్టు ఒక్కరే ఉండి సహాయకుల మీద ఆధారపడే క్లినిక్కులకి ఇది గట్టి దెబ్బ.

అన్నీ కోతలే అంటే అన్యాయం. 2025 నుంచి రెండు సడలింపులూ వచ్చాయి. సొంత ప్రాక్టీసు క్లినిక్కుల్లో సహాయకులు పనిచేస్తున్నంత సేపూ థెరపిస్టు అక్కడే ఉండక్కర్లేదు, అందుబాటులో ఉంటే చాలు. రెండోది, డాక్టరుగారు రాసిచ్చిన చీటీ ఉంటే, థెరపిస్టు తన పథకాన్ని ముప్ఫై రోజుల్లోగా ఆయనకి పంపితే సరిపోతుంది. దాని మీద సంతకం కోసం తిరగక్కర్లేదు. ఆ సంతకాల కోసం ఫ్యాక్సుల మీద ఫ్యాక్సులు పంపిన వాళ్ళకే తెలుస్తుంది ఇదెంత ఊరటో!

చెల్లింపు తగ్గితే క్లినిక్కు ఏం చేస్తుంది? మనం ఇంటి ఖర్చు బిగించుకున్నట్టే చేస్తుంది. గంటకి ఒకరి బదులు ఇద్దర్ని పిలుస్తుంది. కొత్తవాళ్ళకి మూడు వారాల తర్వాత రమ్మని చెబుతుంది. మెడికేర్ వాళ్ళని తగ్గించుకుంటుంది. లేదా పెద్ద సంస్థకి అమ్మేసి ఊరుకుంటుంది. ఆపరేషన్ అయిన మోకాలికి మూడు వారాలంటే మాటలు కాదు.

బాగుపడితేనే ఇస్తారా?

లిమిట్ తర్వాత పెద్దవాళ్ళు ఎక్కువగా వినే మాట ఇంకొకటుంది. ఇంక మెరుగుపడడం లేదు కాబట్టి మెడికేర్ ఇవ్వదు అని. ఈ మాటని ఎదిరించింది ఒక స్త్రీ. వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన గ్లెండా జిమ్మో. ఆవిడకి కంటిచూపు లేదు, ఒక కాలు మోకాలి కింద తీసేశారు. మెరుగయ్యే అవకాశం లేదన్న కారణంతో ఆవిడ సేవలకి డబ్బు నిరాకరించారు. ఆవిడా, మరికొందరూ, కొన్ని సంస్థలూ కలిసి 2011లో ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. 2013 జనవరిలో రాజీ ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది.

దాని సారం ఇది. మనిషి మెరుగవుతుందా లేదా అన్నది కాదు ప్రశ్న. నిపుణురాలి చెయ్యి అవసరమా కాదా అన్నదే ప్రశ్న. ఉన్న స్థితిని నిలబెట్టడానికి, లేదా దిగజారడాన్ని నెమ్మదింపజేయడానికి నైపుణ్యమున్న థెరపీ అవసరమైతే మెడికేర్ ఇవ్వాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి, పక్షవాతం వచ్చి కొంత కోలుకుని ఆగిపోయినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. పడకుండా బాత్‌రూముకి వెళ్ళి రాగలగడం కూడా వైద్యం సాధించిన ఫలితమే. అయితే ఇంట్లోవాళ్ళు చూసి చేయించగల మామూలు వ్యాయామాలకి ఇది వర్తించదు. ఈ తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా 'మెరుగవడం లేదు కాబట్టి లేదు' అన్న మాట వినిపిస్తూనే ఉంది. వినిపించినప్పుడు జిమ్మో పేరు చెప్పి అడిగే హక్కు ఉంది.

అక్కడున్న పిల్లలకి చెప్పండి

పెద్దవాళ్ళు సాధారణంగా క్లినిక్కులో ఎదురు మాట్లాడరు. ఇంగ్లీషు రాదని, అల్లుడికో కోడలికో సెలవు పెట్టిస్తున్నామని మొహమాటం. ఇక చాలు అంటే చాలని వచ్చేస్తారు. అందుకే ఈ నాలుగు సంగతులూ ఇంట్లో చిన్నవాళ్ళకి తెలిసి ఉండాలి.

మొదటిది, లిమిట్ అయిపోయింది అంటే 'కేఎక్స్ గుర్తు వేసి పంపవచ్చు కదా' అని మర్యాదగా అడగాలి. ఇంకా ఎందుకు అవసరమో థెరపిస్టు రికార్డులో రాయడానికి మనమూ సాయపడాలి. నొప్పిగా ఉంది అంటే చాలదు. మెట్లు ఎన్ని ఎక్కగలుగుతున్నారు, కుర్చీలోంచి పట్టుకోకుండా లేవగలరా, ఈ నెలలో ఎన్నిసార్లు తూలిపడబోయారు అన్నవి చెప్పాలి. మనవాళ్ళకి నేలమీద కూర్చోవడం, పూజ దగ్గర వంగడం ముఖ్యం. అవీ చెప్పాలి.

రెండోది, మెడికేర్ ఇవ్వదేమోనని క్లినిక్కు అనుకుంటే ముందుగా రాతపూర్వకంగా ఒక నోటీసు ఇవ్వాలి. దాన్ని చదవకుండా సంతకం పెట్టకూడదు. ఆ కాగితంలోనే 'బిల్లు మెడికేర్‌కి పంపండి' అని ఎంచుకునే వీలుంటుంది. పంపితేనే జవాబు వస్తుంది, జవాబు వస్తేనే అప్పీలు చేయవచ్చు. నిరాకరించిన వివరాలతో కాగితం అందిన 120 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

మూడోది, కార్డు మీద ఏ పథకం ఉందో చూసుకోవాలి. మెడికేర్‌లో ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు నడిపే 'మెడికేర్ అడ్వాంటేజ్' పథకాల్లో ఉన్నారు. మూల మెడికేర్ ఇచ్చేదంతా వాళ్ళూ ఇవ్వాలి. కాని ముందస్తు అనుమతి అడగవచ్చు, తమ జాబితాలోని క్లినిక్కుకే వెళ్ళమనవచ్చు. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునేటప్పుడే ఫిజియోథెరపీకి అనుమతి సంగతి కూడా అడిగి ఉంచుకోవాలి.

నాలుగోది, సలహా ఉచితంగా దొరుకుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ మెడికేర్ సందేహాలు తీర్చడానికి 'షిప్' అనే ప్రభుత్వ సహాయ కార్యక్రమం ఉంది. మెడికేర్ ఫోను 1-800-633-4227కి చేసి దుబాసీని కూడా అడగవచ్చు.

ఇంకో మాట. ఆపరేషన్ అక్కడ చేయించుకుని, కోలుకోవడానికి మన ఊరు వచ్చేద్దాం అనుకునేవాళ్ళున్నారు. మనుషుల తోడు దొరుకుతుంది, నిజమే. కాని మూల మెడికేర్ సాధారణంగా అమెరికా దాటితే పనిచేయదు. ఇక్కడ చేయించుకున్న ఫిజియోథెరపీకి అక్కడి నుంచి డబ్బు రాదు.

మరి మన దగ్గర?

ఇదంతా చదివి, కనీసం వాళ్ళకి దెబ్బలాడడానికి ఒక చట్టమైనా ఉంది అనిపించవచ్చు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. రోజూ వెళ్ళి వచ్చే ఓపీ వైద్యం అందులో లేదు. మనం కొనుక్కునే ప్రైవేటు పాలసీల్లోనూ చాలావాటి తీరు అంతే. చేరితేనే బీమా. అందుకే మన ఇళ్ళలో అత్తగారి మోకాలికి లక్షలు పోసి ఆపరేషన్ చేయించి, ఫిజియోథెరపిస్టుకి రోజుకి ఇచ్చే కొన్ని వందల దగ్గర చెయ్యి బిగిస్తాం. పది రోజులు రప్పించి, ఇక మీరే చేసుకోండి అత్తయ్యా అంటాం. ఆవిడ చేసుకోరు. నొప్పి కదా! మూడు నెలలయ్యేసరికి కాలు కర్రలా ఉంటుంది, ఆపరేషన్ ఫెయిలయిందని డాక్టరుగారి మీద పడుతుంది.

ఆపరేషన్‌కి డబ్బు లెక్క వేసుకునేటప్పుడే, మందుల పక్కన ఫిజియోథెరపీ అని ఇంకో వరస రాసుకోండి. ఎన్ని వారాలు, వారానికెన్నిసార్లు, ఎంత అన్నది డాక్టరుగారినీ, ఫిజియోథెరపిస్టునీ ముందే అడగండి. పాలసీ ఉంటే, డిశ్చార్జి తర్వాత ఎన్నాళ్ళ దాకా ఏ ఖర్చులు ఇస్తుందో చదివించుకోండి. బిల్లులు పారేయకండి. మోకీలు మార్చే పని సర్జన్‌గారు గంటా రెండు గంటల్లో ముగిస్తారు. ఆ కీలుతో నడక నేర్పడానికి నెలలు పడుతుంది. ఆ నెలల పనికి కూడా ఒక ధర ఉంది, అది వైద్యంలో సగం.